చెల్లె పురిటికొచ్చేలోగా: గీజర్, కుంపటి, కార్బన్ మోనాక్సైడ్ పని డైరీ

నవంబర్ 3

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో మొదటి పేజీలోనే రాసిపెట్టుకుంటున్నాను. పోయిన డిసెంబర్‌లో చెల్లె బెల్లంపల్లిలో అమ్మవాళ్లింట్లో తలస్నానానికి వెళ్లి బాత్రూంలోనే పడిపోయింది. పిలిస్తే పలకలేదు. బాపు గడియ విరగ్గొట్టి బయటికి తెచ్చాడు. వసారాలో పడుకోబెట్టిన కాసేపటికి కళ్లు తెరిచింది, వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందని ఏడ్చింది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే 98 చూపించింది. ఆక్సిజన్ బాగానే ఉంది కదా అని అందరం కుదుటపడ్డాం. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, నీరసం అన్నారు. సాయంత్రానికి మామూలైంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందా అని అక్కడ ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, మాకూ తట్టలేదు.

ఆ 98 సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. గ్యాస్ గీజర్ మంటకు గాలి చాలకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్నాక కూడా రక్తం ఎర్రగానే ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌కు ఈ ఎరుపు, ఆ ఎరుపు తేడా తెలియదు. ఆక్సిజన్ నిండుగా ఉందనే చూపిస్తుంది. అసలు సంగతి తెలియాలంటే రక్తం తీసి కో-ఆక్సీమెట్రీ పరీక్ష చేయాలి.

ఇప్పుడు చెల్లెకి ఏడో నెల. డిసెంబర్ మూడో వారంలో పురిటికి వస్తుంది. కడుపులోని బిడ్డ రక్తం ఈ వాయువును తల్లి రక్తంకంటే ఎక్కువగా పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. అంటే నాకున్న గడువు ఆరు వారాలు. ఈలోగా ఆ ఇంట్లో మంట మండే ప్రతి చోటూ చూడాలి: గీజర్, వంటగ్యాస్, కుంపటి.

నవంబర్ 10

నిన్న భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌కి వచ్చాను. పొద్దున్నే టేపు పట్టుకుని బాత్రూం కొలిచాను. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. మొత్తం 280 ఘనపుటడుగులు, అంటే దాదాపు 8 ఘనపు మీటర్ల గాలి.

గీజర్ నిమిషానికి 6 లీటర్లది. చలికాలం నీళ్లను 25 డిగ్రీలు పెంచాలంటే సుమారు 12 కిలోవాట్ల మంట కావాలి. అంటే గంటకు 900 గ్రాముల ఎల్‌పీజీ. కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. పావుగంట స్నానానికి లెక్కేస్తే 2.7 ఘనపు మీటర్లు వచ్చింది. బాత్రూంలో ఉన్న గాలిలో మూడో వంతు! తప్పేమోనని మళ్లీ మళ్లీ వేశాను. ప్రతిసారీ అంతే.

గాలి కొత్తగా వచ్చే దారి ఉంటే పరవాలేదు. లేకపోతే ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగ్గా మండదు, కార్బన్ డయాక్సైడ్ కావలసినది కార్బన్ మోనాక్సైడ్‌గా మిగిలిపోతుంది. లోపలున్న మనిషి పీల్చేదీ ఆ గాలే.

మా బాత్రూంలో ఆ దారి లేదు. వెంటిలేటర్‌కు చలి రాకుండా అట్టముక్క, దానిమీద ప్లాస్టిక్ కవరు. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ. నీళ్లు హాల్లోకి వస్తున్నాయని ఆ పట్టీ వేయించింది నేనే. గీజర్‌కు పొగగొట్టం లేదు, పైన సందులు మాత్రమే. ఆ సందుల చుట్టూ నల్లగా మసి పట్టి ఉంది. మంట శుభ్రంగా నీలంగా మండితే మసి పట్టదు. ఆ మసిని ఏడాదిగా అందరం చూస్తూనే ఉన్నాం.

"గ్యాస్ వాసన ఎన్నడూ రాలేదు కదరా" అంది అమ్మ. న్యాయమైన ప్రశ్నే. ఎల్‌పీజీకి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. మంటలో గ్యాస్‌తోపాటు అదీ కాలిపోతుంది. మంటలోంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా రెండూ ఉండవు. వంటింట్లో కింద పెట్టిన గ్యాస్ లీక్ డిటెక్టర్ కూడా దీన్ని పట్టదు. అది ఎల్‌పీజీ కోసం. ఎల్‌పీజీ బరువు కాబట్టి నేలకు దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ గాలికంటే కొంచెం తేలిక, గది అంతా కలిసిపోతుంది.

ఇవాళ చేసినవి: అట్టముక్క తీసేశాను, రబ్బరు పట్టీ పీకేశాను. అసలు పని అయ్యేవరకు ఒక నియమం పెట్టుకున్నాం. తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకోవాలి, గీజర్ కట్టేయాలి, పది నిమిషాలు గాలాడనివ్వాలి, ఆ తర్వాతే స్నానం. బాపు ఒప్పుకున్నాడు. చెల్లె పడిపోయిన రోజు గడియ విరగ్గొట్టింది ఆయనే కదా.

నవంబర్ 17

హైదరాబాద్‌లో మా బాబాయి కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. "అన్నా, కొనడమెందుకు, మనమే చేద్దాం" అన్నాడు. కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టే ఎంక్యూ-7 సెన్సర్, దాన్ని నడిపించే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న బజర్ తెచ్చాడు. వారమంతా రాత్రిళ్లు కూర్చున్నాం.

ఈ సెన్సర్‌ను 60 సెకన్లు 5 వోల్టులతో వేడి చేయాలి, తర్వాత 90 సెకన్లు 1.4 వోల్టులకు తగ్గించాలి, ఆ చల్లటి దశ చివర్లో అంకె చదవాలి. వాడకముందు 48 గంటలు వేడెక్కుతూ ఉండాలి. మేం మొదట నేరుగా 5 వోల్టులిచ్చి చదివాం, అంకెలు ఇష్టమొచ్చినట్టు ఎగిరాయి. వేడి దశలు సరిచేశాక కొంచెం కుదిరింది. కానీ శానిటైజర్ చేతికి రాసుకుని దగ్గరికెళ్తే మోగింది. వాన పడ్డ రోజు ఒక అంకె, ఎండ రోజు ఇంకో అంకె. ఇంత పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్ల వాయువో ఆ లెక్క) ఉన్న గాలి అని తెలిసిన సిలిండర్‌తో సరిచూస్తే తప్ప ఆ అంకెకు అర్థం లేదు. ఆ సిలిండర్ మా దగ్గర లేదు.

వాడు బాగా నేర్చుకున్నాడు, అది నాకు సంతోషమే. కానీ పసిబిడ్డ పడుకునే గదిలో దీన్ని పెట్టను. కాలేజీ ప్రాజెక్టుకు సరిపోతుంది, ప్రాణానికి కాపలా పెట్టడానికి సరిపోదు. ఇలాంటి బోర్డులు చూపించి ఇంటి అలారం చేసుకోండని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. నమ్మొద్దని గట్టిగా చెప్తాను.

నవంబర్ 24

రెండు అలారాలు చేతికొచ్చాయి. ఒకటి నేను కొన్నది, యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ముద్ర ఉన్నది. రెండోది టెక్సాస్ నుంచి పెద్దబాపు కొడుకు, మా అన్న, తెలిసినవాళ్లతో పంపినది. దానిమీద అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ఉంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో అక్కడ రోజుల తరబడి కరెంటు లేనప్పుడు జనం చలికి తట్టుకోలేక ఇంట్లో బొగ్గుల గ్రిల్లులు వెలిగించారు, గ్యారేజీలో కార్లు ఆన్ చేసి కూర్చున్నారు, జనరేటర్లు గుమ్మం దగ్గరే పెట్టారు. చాలామంది ఈ విషవాయువుతో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. చెల్లె సంగతి చెప్పగానే అన్న ఇంకో మాట లేకుండా అలారం పంపాడు.

రెండింటిలోనూ ఎలక్ట్రోకెమికల్ సెన్సరే. కాగితాలు పూర్తిగా చదివాను. అలారం అనగానే వాయువు రాగానే మోగుతుందనుకుంటాం. అలా కాదు. యూరప్‌దానికి 50 పీపీఎం ఉంటే 60 నుంచి 90 నిమిషాల మధ్య మోగాలి, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల మధ్య, 300 ఉంటే 3 నిమిషాల్లోపు. అమెరికాదానికి 70 పీపీఎం దగ్గర 60 నుంచి 240 నిమిషాలు, 150 దగ్గర 10 నుంచి 50, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. రక్తంలో వాయువు చేరే వేగాన్ని బట్టి ఈ గడువులు పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది న్యాయమే. గర్భిణికి, పసిబిడ్డకు మాత్రం "మోగలేదు కదా" అనుకుని కూర్చోకూడదు. అందుకే అంకె కనిపించే డిస్‌ప్లే ఉన్నది కొన్నాను.

ఇంకో మాట. టెస్ట్ బటన్ నొక్కితే బ్యాటరీ, హారన్ పనిచేస్తున్నాయనే తెలుస్తుంది. సెన్సర్ బతికి ఉందో లేదో దానితో తెలియదు. సెన్సర్‌కు ఆయుష్షు ఉంటుంది, గడువు తేదీ వెనకాల అచ్చు వేసి ఉంది. అది కనిపించేలా ముందువైపు మార్కర్‌తో పెద్దగా రాశాను.

డిసెంబర్ 1

కొలత రోజు. బాయిలర్లు సర్వీసు చేసే స్నేహితుడి దగ్గర చేతి మీటర్ అరువు తెచ్చాను, పోయిన నెలే సరిచూయించినది. ఇంట్లోవాళ్లందర్నీ పెరట్లో కూర్చోబెట్టాను. మీటర్‌ను బాత్రూం కొక్కేనికి మన ముక్కు ఎత్తులో వేలాడదీశాను, దాని ఎదురుగా పాత ఫోన్ పెట్టి వీడియో కాల్ కలిపాను. పోయిన చలికాలంలాగే వెంటిలేటర్‌కు అట్టముక్క పెట్టాను, తలుపు కింద సందు మూశాను. షవర్ తిప్పి బయటికొచ్చి తలుపేశాను. గీజర్ ఆపడానికి లోపలికి వెళ్లాల్సిన పని లేదు, మిద్దెమీది ట్యాంకు వాల్వు కట్టేస్తే నీళ్లాగుతాయి, మంట ఆరుతుంది. ఇది ముందే రెండుసార్లు చేసి చూసుకున్నాను.

మొదట 0 పీపీఎం. మూడో నిమిషానికి 6. ఆరో నిమిషానికి 29. తొమ్మిదో నిమిషానికి 71. పన్నెండో నిమిషానికి 148. అక్కడ ఆపేశాను. చెల్లె తలస్నానం అరగంట.

బాపు ఫోన్లోకి చూస్తూ ఏమీ మాట్లాడలేదు. లేచి పక్కకెళ్లి చాలాసేపు జామచెట్టు కింద నిలబడ్డాడు.

మధ్యాహ్నం వెంటిలేటర్ తెరిచి, తలుపు కింద సందు వదిలి మళ్లీ చేశాం. పన్నెండు నిమిషాలకు 24. చాలా తగ్గింది, కానీ నాకు తృప్తి లేదు. గాలి ఎటు వీస్తుందో, ఎవరు ఎప్పుడు వెంటిలేటర్ మూస్తారో దానిమీద ఆధారపడ్డ భద్రత అది. అమ్మ ఇప్పటికే "చలికి ఒక్క గంట మూస్తే ఏమైతది" అంటోంది. మంటనే బాత్రూంలోంచి బయటికి తేవాలి. అలారం ఆ తర్వాతి సంగతి.

కరెంటు గీజర్ పెడదామన్నాను. అన్నిటికంటే మంచిది అదే, ఇప్పటికీ అదే నా అభిప్రాయం. కానీ ఇంటి వైరింగ్ పాతది, బాత్రూం వైపు కొత్త లైను లాగాలంటే గోడలన్నీ కొట్టాలి. పురిటికి ముందు ఇంట్లో గోడలు కొట్టడం అమ్మకు ఇష్టం లేదు. వేసవికి వాయిదా వేశాం.

డిసెంబర్ 8

గీజర్ బయటికొచ్చింది. వెనక వసారాలో, రెండు వైపులా పూర్తిగా తెరిచి ఉన్న చోట గోడకు బిగించాం. మొదట పడకగది కిటికీ పక్కన అనుకున్నాం, ప్లంబర్ అన్న అక్కడే గుర్తులు పెట్టాడు. చెల్లె పడుకునేది ఆ గదిలోనే. కిటికీ తీస్తే వచ్చేది ఆ గాలే కదా అని ఎనిమిది అడుగులు అవతలికి జరిపించాను. బాత్రూం వరకు 11 అడుగుల సీపీవీసీ పైపు, దానిమీద నల్ల ఫోమ్ తొడుగు. మొదట్లో అర లీటరు చన్నీళ్లు వస్తాయి, తర్వాత వేడినీళ్లు. బర్నర్ విప్పితే సాలెగూడు, దుమ్ము. శుభ్రం చేయించాక మంట నీలంగా వస్తోంది.

ఒక ఇబ్బంది వచ్చింది. ఉత్తరపు గాలికి మంట రెండుసార్లు ఆరిపోయింది. ప్లంబర్ అన్న నాలుగు పక్కలా రేకు కొడతానన్నాడు. వద్దన్నాను. నాలుగు పక్కలా మూస్తే మళ్లీ ఆ బాత్రూమే తయారవుతుంది. గాలి కొట్టే వైపు ఒక్క రేకు, పైన వాన పడకుండా చిన్న చూరు. వెలిగించే పెద్ద సెల్స్ రెండూ కొత్తవి వేశాం.

పావుగంట నడిపి చూశాను. బాత్రూంలో మొదటి నుంచి చివరి దాకా 0. పడకగది కిటికీ దగ్గర కూడా 0.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు ఒక మాట. మా స్నేహితుడు గీజర్ పొగగొట్టం వెంటిలేటర్‌లోంచి డక్ట్‌లోకి వదిలాడు. పై అంతస్తుల బాత్రూం వెంటిలేటర్లన్నీ ఆ డక్ట్‌లోకే తెరుచుకుంటాయి. మన బాత్రూం బాగుపడి పైవాళ్ల బాత్రూంలో వాయువు చేరుతుంది. అలాగే బాల్కనీలో గీజర్ పెట్టి తర్వాత బాల్కనీకి అద్దాల తలుపులు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. అద్దాలు వేసిన రోజు నుంచి అది బాల్కనీ కాదు, గదే.

డిసెంబర్ 15

అన్నిటికంటే కష్టమైన రోజు. కుంపటి.

మా వైపు చలి గట్టిది. సిర్పూర్, తిర్యాణి వైపునుంచి వచ్చే గాలికి డిసెంబర్ రాత్రులు ఎముకలు కొరుకుతాయి. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం, కిటికీలు మూసి చెవులకు గుడ్డ కట్టడం, నిప్పులమీద సాంబ్రాణి వేసి బిడ్డకు ధూపం పట్టడం మా అమ్మమ్మ చేతిమీదుగా నలుగురు బాలింతలకు జరిగాయి. ఆమె పొగ ప్రమాదమని ఎరుగనిదేమీ కాదు. పొగ పోయేవరకు కుంపటిని వాకిట్లోనే ఉంచి, బొగ్గులు ఎర్రగా నిప్పులయ్యాకే లోపలికి తెచ్చేది. "పొగ లేని నిప్పుతోని ఏం భయం బిడ్డా" అంది. ఆ మాటను తేలిగ్గా తీసేయలేను, ఆమెకు తెలిసినంతలో అది జాగ్రత్తే. కానీ ఎర్రటి బొగ్గు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, అదీ ఎక్కువగా.

వాదించలేదు. ఆమె పద్ధతిలోనే చేద్దామన్నాను. ఆమె చేత్తోనే కుంపటి రాజేసింది, పొగ పోయేదాకా ఆగింది, పురిటి గదిలో ఖాళీ మంచం కింద పెట్టింది. మీటర్‌ను, రెండు అలారాలను మంచం పక్కన స్టూలుమీద, కిటికీ అద్దంలోంచి కనిపించేలా ఉంచాను. పక్కనే అమ్మమ్మ ఒక ప్రమిద వెలిగించింది. తలుపేసి అందరం వసారాలో కూర్చున్నాం.

పది నిమిషాలకు 84. ఇరవై నిమిషాలకు 190. ఇరవై ఏడో నిమిషంలో 300 దాటింది, కాసేపట్లో యూరప్ అలారం మోగింది. టెక్సాస్‌ది ఇంకా నిశ్శబ్దంగానే ఉంది. దాని గడువులు వేరు కదా. గదిలో పొగ లేదు. ప్రమిద నిలకడగా వెలుగుతూనే ఉంది.

"దీపం మంచిగనే వెలుగుతున్నది కదా" అంది అమ్మమ్మ నెమ్మదిగా.

అప్పుడు పెద్దబాపు మాట్లాడాడు. మందమర్రి వైపు భూగర్భ గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. "అత్తమ్మా, బాయిల మాకు గదే చెప్పెటోళ్లు. దీపం ఆరిపోతే గాలి లేదని ఎరుక. దీపం ఆరకున్నా మనిషి పడిపోతడు, ఈ వాయువుకు దీపం ఆరది. గందుకే నడుముకు డబ్బ కట్టుకొని దిగేది." ఆ డబ్బా సెల్ఫ్ రెస్క్యూయర్. గనిలో మంట లేచినా పేలుడు జరిగినా దాన్ని నోట్లో పెట్టుకుని బయటికి రావాలి. లోపలి హాప్‌కలైట్ అనే పదార్థం కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. వాయువు ఎక్కువైతే పీల్చే గాలి వేడెక్కుతుంది, నోరు మండినా తీయొద్దని నేర్పించేవాళ్లట. ఒకప్పుడు గనుల్లోకి కానరీ పిట్టలను తీసుకెళ్లేవాళ్లని, మనిషికంటే ముందు పిట్ట పడిపోయేదని కూడా చెప్పాడు. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలను మాన్పించింది 1986లోనే.

బొగ్గు తవ్వే ఊళ్లో పుట్టాం. బొగ్గు వదిలే వాయువు గురించి ఇన్నేళ్లూ గనిలో జాగ్రత్తపడ్డ మనుషులే ఇంట్లో దాని పేరెత్తలేదు. పెద్దబాపు కూడా ఆ మాటే అని తల దించుకున్నాడు.

అమ్మమ్మ కుంపటిని తనే బయటికి తెచ్చింది. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకుని కుదుర్చుకున్నవి ఇవి. బాలింతకు వెచ్చదనం కావాలి, అది నిజం. నూనె నింపిన కరెంటు రేడియేటర్ హీటర్ కొంటాను, గది సాకెట్ దాని లోడు తట్టుకుంటుందని ఎలక్ట్రీషియన్‌తో చూపించాను. కరెంటు పోతే వేడినీళ్ల రబ్బరు సంచులు, నూలు గుడ్డలు చుట్టి, బిడ్డ ఒంటికి తగలకుండా. కాపడానికి గుడ్డలు వాకిట్లో కుంపటిమీద వేడిచేసి లోపలికి తెస్తారు. సాంబ్రాణి ధూపం బిడ్డకు అసలు వద్దు. ఇక్కడ మాత్రం అమ్మమ్మ చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి పూజగదిలో, తలుపులు తీసి, బిడ్డ లేనప్పుడు వేసుకుంటానంది. అది చాలు.

డిసెంబర్ 22

చెల్లె వచ్చింది. అలారాల జాగా ఖరారు చేశాను. ఒకటి పురిటి గదిలో, మంచంమీద పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో, పరదాల వెనక కాకుండా. రెండోది హాల్లో, వంటింటి గుమ్మానికి రెండు మీటర్ల దూరంలో, పైకప్పుకు జానెడు కింద. బాత్రూంలో పెట్టలేదు, ఆవిరికి సెన్సర్ పాడవుతుంది. వంటింట్లో కొలిస్తే, రెండు పొయ్యిలూ వెలిగించి కిటికీ తీసి ఉంచినప్పుడు మీటర్ కదల్లేదు.

తలుపు వెనక ఒక కాగితం అంటించాను. అలారం మోగితే: ముందు చెల్లెను, బిడ్డను బయటికి. దారిలో ఉన్న తలుపులు తీస్తూ రావాలి. లోపల ఏం మండుతోందో వెతకడానికి ఆగొద్దు. 108కి ఫోన్. ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి, వాంతి, తల తిరగడం ఉండి జ్వరం లేకపోతే, బయటికి రాగానే తగ్గితే, అలారం మోగకపోయినా ఇదే పని. డాక్టర్‌కు "కార్బన్ మోనాక్సైడ్ అనుమానం" అని మనమే చెప్పాలి. మామూలు గాలిలో రక్తంలోని వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. కడుపులో బిడ్డ ఉంటే తల్లి తేరుకున్నా ఆక్సిజన్ ఇంకా ఎక్కువసేపు కావాలి. ఆక్సీమీటర్ అంకె చూసి ఆగొద్దు. ఈ చివరి వాక్యం ఎర్ర పెన్నుతో రాశాను.

చెల్లె కాగితమంతా చదివింది. "అన్నా, ఆ రోజు నాకు మొదట కాళ్లల్ల బలం పోయింది. తలుపు కనిపిస్తనే ఉంది, గడియ తీద్దామంటే చెయ్యి లేవలేదు" అంది. ఏడాదిగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. తెలిసినా లేచి రాలేని స్థితి వస్తుందని చదివాను, కానీ మా చెల్లె నోట విన్నాకే అర్థమైంది.

జనవరి 26

ఆడపిల్ల. మూడు కిలోలు. నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. రాత్రి రెండుసార్లు లేచి చూశాను, డిస్‌ప్లేలో 0. హీటర్ చాలు, గది వెచ్చగానే ఉంది. తెల్లవారుజామున కరెంటు పోయింది, సంచులు వాడాం.

పొద్దున పక్కింటి పెద్దమ్మ వచ్చి వాళ్ల బాత్రూం కూడా చూడమంది. వాళ్లదీ అదే రకం గీజర్, వెంటిలేటర్‌కు పాత ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీ విప్పించి, బకెట్ల నియమం చెప్పి వచ్చాను. పెరటి గోడ వరకు పైపు 14 అడుగులు కావాలి. ప్లంబర్ అన్న వచ్చే ఆదివారం వస్తానన్నాడు, మీటర్ తిరిగివ్వడానికి స్నేహితుడిని ఇంకో వారం గడువడిగాను.

అమ్మమ్మ వాకిట్లో కుంపటి దగ్గర కూర్చుని బిడ్డ గుడ్డలు వేడిచేస్తోంది.